పడుగు పట్టని వీధి

చింతాద్రిపేట, మద్రాసు
ఫిబ్రవరి, 1953

అన్నకు పుష్పవల్లి నమస్కరించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమమని రాద్దామనే కలం పట్టుకున్నాను. అబద్ధంతో మొదలుపెట్టడం ఎందుకని మానేశాను. మా హైమ నాయనను పోలీసులు పట్టుకున్నారు. కోర్టులో ఆరు నెలలు శిక్ష వేశారు. సైకిలు ట్యూబు నిండా సారా పోసి, దాన్ని నడుముకు చుట్టుకుని, పైన చొక్కా తొడుక్కుని కూవం ఏటి వంతెన దాటుతుంటే దొరికారు. అలా దాటడం అదే మొదటిసారి కాదు.

నాకు తెలుసా అని అడుగుతావు. తెలుసు. రెండేళ్ళుగా నూలు ఉంటే గిరాకీ లేదు, గిరాకీ ఉంటే నూలు లేదు. దీపావళికి మగ్గం దుమ్ము తుడిచి బొట్టు పెట్టాం కాని నేయడానికి ఏమీ లేదు. సర్కారు వారు పెట్టిన గంజి కేంద్రం దగ్గర చెంబు పట్టుకుని నిలబడ్డాను. పడుగుకు పెట్టాల్సిన గంజి నేతవాళ్ళే తాగేస్తున్నారని వరసలో ఎవరో అంటే అందరం నవ్వాం. ఆ నవ్వుతున్న నన్ను ఆయన వీధి చివర నుంచి చూశారు. ఆ వారం నుంచే ఇంట్లోకి బియ్యం రావడం మొదలైంది. ఎక్కడివని నేను అడగలేదు. ఆకలితో ఉన్న ఇంట్లో బియ్యం పుట్టుపూర్వోత్తరాలు ఎవరూ అడగరన్నా.

విచిత్రం చూడు. ఆయన జైలుకు పోయిన తర్వాత చేనేత సహకార సంఘం వాళ్ళు నూలు ఇచ్చారు. మన నాయన నాకు మగ్గం నేర్పింది ఇందుకేనేమో అనుకుని ధైర్యం తెచ్చుకున్నాను. నేను నేస్తాను. కాని పడుగు ఒక్కదాన్నే వేయలేను కదా. వీధి పొడుగునా చాచి, గంజి పట్టించి, ఎండ ముదరకముందే కుంచెతో దువ్వాలంటే ఆ కొసనా ఈ కొసనా మనుషులు కావాలి. ఇవాళ మా పడుగుకు మీరు, రేపు మీ పడుగుకు మేము అన్నట్టు ఇన్నేళ్ళూ ఈ వీధిలో నడిచింది.

ఇప్పుడు కులపెద్దలు మా ఇంటిని వెలివేయాలని చూస్తున్నారు. వెలి అంటే తిట్టరు, కొట్టరు. పడుగు పట్టడానికి రారు. అంతే. ఆడపిల్ల పుట్టింటి పెద్ద సమ్మతి లేకుండా ఇంటిని వెలివేయకూడదని కట్టుబాటు ఉంది కాబట్టి, పెద్ద మునికృష్ణగారు నీకు ఉత్తరం రాస్తారట. నువ్వు కూడా వెంకటగిరిలో కులపెద్దవే కాబట్టి నీ మాటకు ఇక్కడ విలువ ఉంది. "కాదు" అని ఒక్క ముక్క రాయి. నేనూ హైమా బతుకుతాం.

నీ చెల్లెలు
పుష్ప


వెంకటగిరి
మార్చి, 1953

చిరంజీవి సౌభాగ్యవతి పుష్పకు అన్న జనార్దనం ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం చేరింది. మీ వదిన అది చదివి ఆ పూట అన్నం ముట్టలేదు. నేను తిన్నాను. కోపం వస్తే నాకు ఆకలి ఎక్కువ.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల? పని లేకపోతే పస్తుండాలి. మనవాళ్ళు ఎంతమంది పస్తులు లేరు? అందరూ ట్యూబులు చుట్టుకున్నారా? ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నీ మొగుడు జయరామ్ చిన్నప్పటి నుంచీ అంతే. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడే నాయనతో అన్నాను, ఈ పిల్లవాడు మరీ నవ్వుతున్నాడని. నా మాట ఎవరు విన్నారు?

కులపెద్ద కుర్చీలో కూర్చున్నవాడికి కళ్ళు ఉంటాయి గాని చుట్టాలు ఉండరు పుష్పా. పోయిన ఏడు ఇక్కడ ఒకణ్ణి ఇదే తప్పుకు వెలివేశాను. వాడి తల్లి నా కాళ్ళు పట్టుకుంది. నా చెల్లెలి ఇంటికి వచ్చేసరికి ఇంకో న్యాయం అంటే రేపు ఆవిడ ముఖం ఎలా చూడను?

మునికృష్ణగారి దగ్గర నుంచి కబురు వస్తే ఆలోచించి చేస్తాను. నువ్వు మాత్రం హైమను తీసుకుని ఇక్కడికి వచ్చెయ్యి. మన ఇంట్లో రెండో మగ్గం గుంట ఖాళీగానే ఉంది. మీ వదిన నిన్ను కూతురిలా చూసుకుంటుంది, నేను తిట్టుకుంటూ చూసుకుంటాను. ఆ మనిషి సంగతి మరిచిపో.

ఆశీస్సులతో
జనార్దనం


చింతాద్రిపేట
ఏప్రిల్, 1953

అన్నకు,

కబురు వస్తే ఆలోచిస్తానని రాశావు. నువ్వు ఆ అక్షరాలు రాసేనాటికే నీ సమ్మతి ఉత్తరం మునికృష్ణగారి జేబులో ఉంది.

అమావాస్యనాడు భజనమందిరంలో అందరినీ కూర్చోబెట్టారు. నన్ను నిలబెట్టారు. మునికృష్ణగారు కళ్ళద్దాలు పెట్టుకుని నీ ఉత్తరం గట్టిగా చదివారు. "మా ఆడపడుచు అని చూడవద్దు. కట్టుబాటు ప్రకారం నడిపించండి" అని రాశావు. నీ చేతిరాత ఎంత గుండ్రంగా ఉంటుందో నాకు తెలుసు. దూరం నుంచి కూడా పోల్చుకున్నాను.

ఆ తర్వాత ఆయన నన్ను అడిగారు. "ఏమ్మా, నీ మింద మాకేం కోపం లేదు. మేమేమన్నా పరాయోళ్ళమా? ఆ మనిషి రేపు జైలు నుంచి వస్తే గడప తొక్కనీనని ఒక్క మాట జెప్పు. తెల్లారేసరికి నీ పడుగు కాడ మేమంతా ఉంటాం."

"హైమ నాయన వస్తే తలుపు తీస్తానండీ" అన్నాను.

"అట్టయితే మేమేం జేసేది? సరి, నీ ఇష్టం" అని లేచారు.

మరునాడు తెల్లవారుతుండగా హైమనే ఒక కొస పట్టుకోమని నేనే పడుగు చాచాను. ఎనిమిదేళ్ళ పిల్ల బిగువు ఎక్కడ పట్టగలదు? గంజి పట్టించే లోపల ఎండ వచ్చేసింది. పోగులన్నీ ఒకదానికొకటి అతుక్కుని తాడైపోయాయి. వీధిలో తలుపులన్నీ తెరిచే ఉన్నాయి. అరుగుల మీద కూర్చుని అందరూ చూశారు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఒకామె కళ్ళు తుడుచుకోవడం కూడా చూశాను, కాని ఆమె అరుగు దిగలేదు. ఇప్పుడు పక్క వీధిలో అరవవాళ్ళ ఇంట్లో అప్పళాలు ఒత్తి, సాయంత్రం వచ్చి ఆ నూలు తడిపి పోగు పోగు విడదీస్తున్నాను.

ఒక సంగతి అడుగుతాను. రెండేళ్ళ కిందట చుట్టాల పెళ్ళికి ఇక్కడికి వచ్చి దగ్గు అంటూ మూలిగావే, మందు అని నీకు గ్లాసులో పోసి ఇచ్చింది ఎవరు? ఇంకొంచెం ఉందా అని అడిగింది ఎవరు? అప్పుడూ మద్యనిషేధం ఉంది, అప్పుడూ కట్టుబాటు ఉంది. ఆయన కోర్టులో నీ పేరు చెప్పలేదు. మందిరంలో నీ ఉత్తరం విన్నవాళ్ళలో ఎంతమందికి ఆయన దగ్గుమందు తెచ్చి ఇచ్చారో నాకు తెలుసు. నేనూ చెప్పలేదు. గురివింద గింజ తన నలుపు తానెరగదంటారు. ఎరగకపోతే క్షమించవచ్చు అన్నా. మీరంతా ఎరిగినవాళ్ళే.

నేను వెంకటగిరి రాను.

పుష్పవల్లి


వెంకటగిరి
మే, 1953

చిరంజీవి సౌభాగ్యవతి పుష్పకు,

దగ్గుమందు సంగతి ఇప్పుడెందుకు? ఆ మాట మీ వదిన చేత చదివించుకోవాల్సి వచ్చింది. నా కళ్ళద్దాల కాడ విరగడంతో ఉత్తరం ఆమెకు ఇచ్చాను, నా ఖర్మ. ఆమె ఆ వాక్యం రెండుసార్లు చదివింది.

ఉత్తరం సంగతి దాచింది నిజమే. సమ్మతి ఇస్తే నీకు అక్కడ దారులు మూసుకుపోయి ఇక్కడికి వస్తావనుకున్నాను. నిన్ను ఇంటికి తెచ్చుకోవడానికే ఆ పని చేశాను. మొండిదానివి, రాలేదు. నాయన బతికి ఉంటే నిన్ను నాలుగు తిట్టి నన్ను పది తిట్టి ఉండేవాడు.

కాని పుష్పా, కోపం పక్కన పెట్టి ఆలోచించు. భయం ఉంటేనే పదిమంది ఒక వీధిలో బతకగలరు. పోలీసువాడి భయం పోలీసువాడు కనపడినంతసేపే. పక్కింటివాడి భయం ఎప్పుడూ ఉంటుంది. నేను నమ్మింది ఇది. ఇరవై ఏళ్ళుగా ఇలాగే నడిపించాను.

జయరామ్ విడుదలైతే ఒక దారి ఉంది. మునికృష్ణగారికి రాశాను, ఆయన ఒప్పుకున్నారు. గుండు చేయించుకుని, చెప్పులు నెత్తిన పెట్టుకుని, వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, తప్పయిందని పెద్దల ముందు పడితే లోపలికి తీసుకుంటారు. ఒక్క పూట తల వంచితే జన్మంతా తల ఎత్తుకు తిరగవచ్చు. అతనికి నచ్చజెప్పు.

నీ ఉత్తరంలో ఈసారి నమస్కారం రాయలేదు. నేను అది చూడలేదని మీ వదిన అనుకుంది. నేను చూశాను.

జనార్దనం


చింతాద్రిపేట
ఆగస్టు, 1953

అన్నకు నమస్కారం.

ఆయన విడుదలయ్యారు. బాగా చిక్కిపోయారు. హైమ "నాయనా" అని పరుగెత్తి కాళ్ళకు చుట్టుకుంది. ఆయన గడప అవతలే నిలబడిపోయారు.

చెప్పుల సంగతి చెప్పాను. ఆయన అన్నారు: "జైలుకు పోయినాను పుష్పా. ఆడ రాళ్ళు కొట్టినాను. జడ్జి ఇంత అని జెప్పినాడు, అంతా అనుభవించినాను. ఇంక బాకీ ఏంది? చెప్పులు నెత్తిన పెట్టుకుని ఈ బిడ్డ ముందర నడిస్తే, రేపు అది నన్ను నాయనా అంటాదా?"

"పోనీండి, లోపలికి రండి. అన్నం తిందురుగాని" అన్నాను.

"నేను లోపలికొస్తే నీ పడుగు ఎవురు పడతారు?" అన్నారు.

నేను చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకున్నారు. మెల్లగానే విడిపించుకున్నారు. నేరుగా మునికృష్ణగారి అరుగు దగ్గరకు పోయి, వీధంతా వినేలా, "ఆ ఇంటికీ నాకూ సంబంధం లేదు. ఆ ఆడమనిషిని, బిడ్డను బతకనీండి" అని చెప్పి, చేతిలో గుడ్డసంచితో వీధి దాటిపోయారు. జైలులో పరిచయమైన మోసెస్ అనే అతను రాయపురంలో ఉన్నాడట. రేవులో మూటలు మోసే పని ఇప్పిస్తానన్నాడట.

మరునాడు చీకటి విడవకముందే తలుపు తట్టారు. తీస్తే వీధి వీధంతా గుమ్మంలో ఉంది. కర్రలు తెచ్చినవాళ్ళు, కుంచెలు తెచ్చినవాళ్ళు, గంజి కాచి తెచ్చినవాళ్ళు. ఏప్రిల్‌లో కళ్ళు తుడుచుకున్న ఆమె హైమకు ఇడ్లీలు పట్టుకొచ్చింది. మునికృష్ణగారు ఆ వయసులో తానే ఒక కొస పట్టుకున్నారు. "ఇంకొంచెం బిగువమ్మా, ఆమా, అంతే, అట్టా పట్టు!" అని హాస్యాలు, కబుర్లు. పడుగు అద్దంలా వచ్చింది. ఎండ ఎక్కకముందే అయిపోయింది.

అందరూ ఎంత మంచివాళ్ళో అన్నా. అదే నాకు భయం వేసింది. వాళ్ళు చెడ్డవాళ్ళయితే తిట్టుకుని ఊరుకునేదాన్ని. ఆయనను పంపించిన చేతులే నా పోగు తెగితే ఎంతో ప్రేమగా ముడివేశాయి. నేను నవ్వుతూ అందరికీ మజ్జిగ ఇచ్చాను. వాళ్ళు పోయాక పెరట్లోకి పోయి కక్కుకున్నాను.

పుష్ప


వెంకటగిరి
అక్టోబరు, 1953

చిరంజీవి సౌభాగ్యవతి పుష్పకు ఆశీస్సులు.

నీ ఉత్తరం చూసి నా గుండెల మీది కుంపటి దించినట్టయింది. చూశావా, కట్టుబాటు తెంచడానికి కాదు, కలపడానికి. మునికృష్ణగారు స్వయంగా కొస పట్టుకున్నారంటే మాటలా! జయరామ్ కూడా చివరికి బుద్ధిగా నడుచుకున్నాడు. కక్కుకోవడం అంటావా, అప్పళాల పిండి తిని ఉంటావు, నీకు చిన్నప్పటి నుంచీ ఆ యావ ఉంది. శొంఠి కషాయం తాగు.

మొన్న మాకు వేరే రాష్ట్రం వచ్చింది. ఇక్కడ టపాకాయలు కాల్చారు. నువ్వు ఇప్పుడు పక్క రాష్ట్రపు ఆడపడుచువి. ఇంక నిన్ను తిట్టాలంటే సరిహద్దు దాటి రావాలి.

చీర నేత ఎంతవరకు వచ్చింది? పండక్కు మీ వదినకు ఒకటి పంపు. మనసు గట్టి చేసుకుని అక్కడే ఉండు. అంతా సర్దుకుంటుంది.

జనార్దనం


రాయపురం
నవంబరు, 1953

అన్నకు నమస్కరించి రాయునది.

పైన ఊరి పేరు చూసి ఉంటావు. ఆ పడుగు చివరి అంగుళం వరకు నేసి, గుడ్డ సంఘానికి అప్పగించి, మగ్గానికి దండం పెట్టి, హైమను తీసుకుని ఆయన దగ్గరకు వచ్చేశాను. నూలు సంఘానిది, అందుకని నేసి ఇచ్చాను. బతుకు నాది.

ఇక్కడ ఒకటే గది. చేపల వాసన ఒంటికి పట్టేసింది. మోసెస్ భార్య నాకు వలలు అల్లే పని చూపించింది. చేతులకు అలవాటైన పనే, దారం లావు అంతే. హైమ అప్పుడే అరవంలో పోట్లాడుతోంది.

ఇంత వరకు మంచి కబురు. చెడ్డది చెబుతాను. ఆయన నవ్వడం మానేశారు. పెళ్ళిచూపులలో మరీ నవ్వుతున్నాడని అన్నావే, ఇప్పుడు చూస్తే సంతోషిస్తావు. ఆయనకు సారా అందించే పాత సరుకు మనిషి మళ్ళీ వస్తున్నాడు. గుమ్మంలో గొంతుకూర్చుని, "ఏంది జయరామ్, సుమ్మా ఊరికినే మూటలు మోసి నడుం ఇరగ్గొట్టుకుంటా ఉండావు? ఒక్కతూరి వంతెన దాటితే సరిపోతాది కదా" అంటాడు. ఆయన మొదట కసిరారు. తర్వాత ఊరుకున్నారు. నిన్న వాడికి టీ ఇప్పించారు.

నేను అడిగితే ఏమన్నారో తెలుసా? "నేను మానేసినా మీవోళ్ళ లెక్కలో నేను సారా జయరామే కదా. మోసేవాడన్న పేరు ఉన్నాక మోస్తే ఏం పోతాది?"

అప్పుడు ఆకలికి మోశారు అన్నా. దానికి మందు అన్నం. ఇప్పుడు మోస్తే, మీరందరూ అనుకున్న మనిషి అయిపోవడానికి మోస్తారు. దానికి నా దగ్గర మందు లేదు. నేను భార్యను, నేను వెంట ఉంటే అది లెక్కలోకి రాదు. వెలివేసిన వాళ్ళలో ఒక్కడు వచ్చి ఆయన పక్కన కూర్చుని అన్నం తింటే, ఆయన నిలబడతారు. అలాంటివాళ్ళలో నేను అడగగలిగింది నిన్ను ఒక్కణ్ణే.

తింటే ఏమవుతుందో నీకు తెలుసు. వెలివేసిన ఇంట్లో తిన్నవాడు కూడా వెలి. ఆ కట్టుబాటు నాకంటే నీకే బాగా వచ్చు. అందుకని రమ్మని బలవంతం చేయను. వస్తే మాత్రం దగ్గుమందు ఉండదు. అన్నం ఉంటుంది.

పుష్ప


వెంకటగిరి
జనవరి, 1954

పుష్పకు అన్న జనార్దనం రాయునది.

రాయపురం నుంచి క్షేమంగా ఇల్లు చేరాను. నీ చేపల పులుసు వాసన మూడు రోజులు చేతికి ఉంది. మీ వదిన ముక్కు మూసుకుని, ఎలా వండావో మాత్రం విడవకుండా అడిగింది.

ఆ రోజు మీ గదిలో మొదటి ముద్ద కలిపి మళ్ళీ కంచంలో పెట్టేశాను. భయపడ్డాను. ఇరవై ఏళ్ళు పదిమందికి పెట్టిన భయం ఎలా ఉంటుందో అప్పుడు రుచి చూశాను. జయరామ్ చూడనట్టు తల వంచుకుని, నా వైపు నీళ్ళ చెంబు జరిపాడు. ఏమన్నా అని ఉంటే లేచిపోయేవాణ్ణేమో. రైలు దగ్గర నా సంచి మోస్తూ "పొయ్యిరా బావా" అన్నాడు చూడు, అప్పుడు కాస్త నవ్వాడు. నువ్వు ప్లాట్‌ఫారం మీద అటు తిరిగి ఏడుస్తూ చూడలేదు.

ఇక్కడికి వచ్చి దాచలేదు. పంచాయతీలో నా కుర్చీలో కూర్చోకుండా నిలబడి చెప్పాను. అందరూ గాభరాపడ్డారు. "జనార్దనంగారూ, తెలియక తిన్నానని ఒక్క మాట అనండి, ఆడనే సరిపెట్టేస్తాం" అన్నారు. ఎంత ప్రేమగా అడిగారో! నువ్వు రాసిన ఆ ప్రేమ అప్పుడు అర్థమైంది. "తెలిసే తిన్నాను. కడుపునిండా తిన్నాను" అన్నాను. ముందటేడు నేను వెలివేసినవాడి తల్లి వెనక వరసలో ఉంది. నా ముఖం చూసి తల తిప్పుకుంది.

నిన్న తెల్లవారుజామున మన ఇంటి ముందు పడుగు వేశాను. ఎవరూ రాలేదు. అరుగుల మీద నుంచి చూశారు. మీ వదిన ఒక కొస పట్టుకుంది, బిగువు ఆపలేక జారవిడిచింది. గంజి ఆరిపోయి అంతా తాడైపోయింది. నూలు తడిపి ఇద్దరం విడదీస్తున్నాం.

వచ్చే గురువారం మళ్ళీ వేస్తాను. సరుకు మనిషి మళ్ళీ వచ్చి గుమ్మంలో కూర్చుంటే, జయరామ్‌కు వెంకటగిరిలో పని ఉందని చెప్పు. మా బావను నాలుగు రోజులు పంపు. కుంచె మీ వదిన పడుతుంది, ఒక కొస నేను పట్టుకుంటాను. రెండో కొస పట్టడానికి ఈ ఊళ్ళో నాకు మనిషి లేడు.

జనార్దనం